నమూనాలు ‘పొడి చేయబడ్డాయి’ — ఎవరి చేత?

రెండేళ్ల కిందట నా మొదటి పరిశోధనా వ్యాసం అచ్చయింది. ధార్వార్ ప్రాంతపు పురాతన గ్రానైట్ల భూరసాయన స్వభావం మీద రాసిన వ్యాసం అది. అందులో ‘పద్ధతులు’ అనే భాగంలో ఒక వాక్యం ఉంది. నమూనాలు 200 మెష్ దాకా పొడి చేయబడ్డాయి, యాసిడ్లలో కరిగించబడ్డాయి, ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద విశ్లేషించబడ్డాయి అని. ఇంగ్లిషులో ఆ వాక్యం రాసింది నేనే. ఎవరూ తప్పు పట్టలేదు. సమీక్షకులిద్దరూ దాన్ని దాటుకుంటూ వెళ్లిపోయారు.

ఆ వ్యాసంలో వాడిన నమూనాలు 42. నేను పొడి చేసినవి 11. మిగతా 31 రాళ్లను పగలగొట్టి, జల్లించి, పొడి చేసి, యాసిడ్‌లో కరిగించిన మనిషి పేరు ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. చివర కృతజ్ఞతల్లో నిధులిచ్చిన సంస్థ ఉంది, విభాగాధిపతి ఉన్నారు. పద్ధతుల భాగంలో యంత్రం మోడల్ నంబరు కూడా ఉంది. యంత్రానికి పేరుంది. మనిషికి లేదు.

తెలుగులో క్రియ దానంతటదే పూర్తికాదు. చేశాడా, చేసిందా, చేశారా అని తేల్చనిదే మన వాక్యం ముగియదు. చేసిన మనిషి ఎవరో, ఆ మనిషికి మనం ఇచ్చే గౌరవం ఎంతో క్రియ చివరే బయటపడుతుంది. ‘చేయబడింది’ అన్న మాట మనకు పాఠ్యపుస్తకాల్లోనూ ప్రభుత్వ ఉత్తర్వుల్లోనూ మాత్రమే కనిపిస్తుంది. పని చేసిన మనిషిని వాక్యంలోంచి తప్పించాలనుకునే చోటే అది కనిపించడం యాదృచ్ఛికం కాదని నాకిప్పుడు అనిపిస్తోంది.

ఈ విషయం మాట్లాడే అర్హత నాకు ఒక కారణం చేత ఉంది. పీహెచ్‌డీలో చేరడానికి ముందు అదే ల్యాబ్‌లో 22 నెలలు కాంట్రాక్టు టెక్నీషియన్‌గా పనిచేశాను. బల్లకు ఆ వైపున నిలబడ్డాను, ఇప్పుడు ఈ వైపున కూర్చున్నాను. మారింది నా కుర్చీ మాత్రమే. ల్యాబ్ మారలేదు.

బయటివాళ్లకు ఈ పని గురించి పెద్దగా తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. ఫీల్డ్ నుంచి వచ్చిన రాయి మూడు నాలుగు కిలోలుంటుంది. ముందు ఎండకూ వానకూ రంగు మారిన పైపొరను తీసేయాలి. సుత్తితో ముక్కలు చేసి జా క్రషర్‌లో వేయాలి. వచ్చిన నలుసును ధాన్యంలా కుప్పపోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలే ఉంచుకోవాలి. మళ్లీ కుప్ప, మళ్లీ నాలుగు భాగాలు. మొత్తం రాయికి ప్రతినిధిగా నిలిచే గుప్పెడు మిగిలేదాకా ఇదే పని. ఆ గుప్పెడును మిల్లులో మైదాపిండి అంత మెత్తగా ఆడించాలి. ప్రతి నమూనాకూ మధ్య మిల్లును క్వార్ట్జ్ ఇసుకతో ఆడించి, కడిగి, ఆరబెట్టాలి. లేకపోతే ముందు రాయి తాలూకు పొడి వెనక రాయిలో కలుస్తుంది.

ఆ తర్వాత యాసిడ్ పని. రాతిలోని సిలికాను కరిగించాలంటే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కావాలి. అది గాజును కూడా తినేస్తుంది కాబట్టి టెఫ్లాన్ పాత్రలు వాడతాం. గ్రాములో ఇరవయ్యో వంతు పొడి తూచి, యాసిడ్ పోసి, మూత బిగించి, హాట్ ప్లేట్ మీద రెండు రోజులు ఉంచుతాం. ఆరబెట్టి మళ్లీ పోస్తాం. చివరికి నీళ్లలా తేటగా కనిపించే ద్రావణం వస్తే అది యంత్రం దగ్గరికి వెళుతుంది. యంత్రం వంద కోట్ల పాళ్లలో ఒక పాలు ఉన్న మూలకాన్ని కూడా లెక్కపెడుతుంది. కానీ తప్పు పొడి ఇస్తే తప్పు లెక్కే ఇస్తుంది. భూరసాయన శాస్త్రంలో యంత్రం దాకా వచ్చేసరికే సగం నిజం తేలిపోయి ఉంటుంది. ఆ సగం టెక్నీషియన్ చేతిలో ఉంటుంది.

మా ల్యాబ్ అన్న పదో తరగతి చదివారు. ఆ గదిలో 19 ఏళ్లుగా ఉన్నారు. ఏ రాయి ఏ మిల్లులో ఆడిందో ఆయనకు గుర్తుంటుంది. ఇది చిన్న సంగతి కాదు. టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లులో ఆడిస్తే పొడిలోకి టంగ్‌స్టన్, కోబాల్ట్ చేరతాయి. క్రోమ్ స్టీలు మిల్లులో ఆడిస్తే క్రోమియం చేరుతుంది. ఒకసారి ఒక స్కాలర్ తన రాళ్లలో కోబాల్ట్ ఎక్కువగా ఉందని సంబరపడి సెమినార్‌కు సిద్ధమైపోయాడు. “ఆ రాళ్లు అగేట్‌లో ఆడినవి కావు సార్” అని అన్న చెప్పబట్టి పరువు దక్కింది.

నాకు జిర్కాన్ గురించి నేర్పింది కూడా ఆయనే. గ్రానైట్‌లో ఉండే జిర్కాన్ ఖనిజం మామూలు మూత పాత్రల్లో ఓ పట్టాన కరగదు. అది కరగకుండా మిగిలితే జిర్కోనియం, హాఫ్నియం విలువలు తక్కువగా వస్తాయి. ద్రావణాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, పాత్రను కొంచెం వంచి, అడుగున ఏదైనా కదులుతోందా అని ఆయన చూసేవారు. “తమ్ముడూ, ఇది ఇంకా ఉడకలేదు” అనేవారు. ఆ మాటకు శాస్త్ర పరిభాషలో పెద్ద పేరుంది. నా సిద్ధాంత గ్రంథంలో ఒక పేజీ మొత్తం దాని గురించే ఉంది.

నేను పీహెచ్‌డీలో చేరిన మర్నాడు ల్యాబ్‌కు వెళ్లాను. అన్న లేచి నిలబడి “రండి సార్” అన్నారు. అంతకుముందు రోజు దాకా నేను ‘తమ్ముడు’ని. అలా అనొద్దని బతిమాలాను. “ఇక్కడ అట్లనే అనాలి, లేకపోతే నాకు మాట వస్తది” అన్నారు. అదే గదిలో ఆయన కంటే పాతికేళ్లు చిన్నవాళ్లయిన స్కాలర్లు ఆయన్ని ‘నువ్వు’ అంటారు. కొందరు ఆచార్యులు ‘ఏరా’ అంటారు. ఆయన మాత్రం మొదటి ఏడాది ఎమ్మెస్సీ విద్యార్థిని కూడా ‘సార్’ అనే పిలుస్తారు. కులం పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తాల్సిన అవసరం కూడా ఉండదు. గ్లాస్‌వేర్ కడిగే, రాయి పగలగొట్టే, యాసిడ్ డబ్బాలు మోసే పని ఎవరిదో, మోనిటర్ ముందు కూర్చునే పని ఎవరిదో ఆ గదిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఒక్క వారంలో అర్థమైపోతుంది. మా గదిలో రాయి పగలగొట్టినవాళ్లం నలుగురం. నలుగురం ఊరి చివరి వాడల నుంచి వచ్చినవాళ్లమే.

ఇక చెప్పడానికి మనసొప్పని సంగతి. నేను టెక్నీషియన్‌గా ఉన్న రెండో ఏడు, ఒక సాయంత్రం అన్న గ్లౌజుకు కంటికి కనపడనంత రంధ్రం పడింది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గురించి తెలిసినవాళ్లకు ఇందులో భయం ఏమిటో తెలుసు. ఇది మామూలు యాసిడ్‌లా వెంటనే మండకపోవచ్చు. గాఢత తక్కువైతే గంటల తరబడి నొప్పే తెలియకపోవచ్చు. ఈలోగా చర్మం దాటి లోపలికి దిగి, ఒంట్లోని కాల్షియంను పట్టుకుంటుంది. ఎక్కువ మేర తగిలితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. అందుకే ఈ యాసిడ్ ఉన్న ప్రతి గదిలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ అందుబాటులో ఉండాలి.

రాత్రి తొమ్మిదికి ఆయనకు గోరు కింద నొప్పి మొదలైంది. మా గదిలో జెల్ ఉంది, కానీ తాళం వేసిన బీరువాలో ఉంది. తాళం చెవి ఉన్నాయన ఊళ్లో లేరు. క్యాంపస్ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడ కార్డు అడిగారు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి ఆ కార్డు ఉండదు. నా దగ్గరా లేదు. చివరికి ఆటోలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. ఏ యాసిడో నేను కాగితం మీద రాసిచ్చాక, అక్కడి యువ డాక్టరు కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్‌ను జెల్లీలో కలిపి వేలికి పట్టించారు. వేలు దక్కింది. గోరు పోయింది. బిల్లు మేం నలుగురం వేసుకున్నాం. మర్నాడు ఉదయం పైనుంచి వచ్చిన మాట ఒకటే. ఎక్కడా రాతపూర్వకంగా పెట్టొద్దు, ప్రాజెక్టు తనిఖీ ఉంది అని.

ఆ వారం కరిగించిన ద్రావణాల్లోని అంకెలు తర్వాత ఒక మంచి పత్రికలో వచ్చాయి. అవి సరైన అంకెలే. వాటి వెనకున్న గోరు గురించి ఎవరికీ తెలియదు.

ఇదంతా ఒక ల్యాబ్‌లోని మనుషుల మంచిచెడుల సంగతి అనుకుంటే పొరపాటు. దీని వెనక ఒక నియామక విధానం ఉంది. ఆరో వేతన సంఘం తర్వాత, 2008లో కేంద్ర ప్రభుత్వం గ్రూప్-డి ఉద్యోగాలను గ్రూప్-సిలో కలిపేసింది. కాగితం మీద అది గౌరవం పెంచే సంస్కరణ. కానీ క్యాంపస్‌లలో మేం చూస్తున్నది వేరు. పాత అటెండర్ రిటైరైతే ఆ ఖాళీ నోటిఫికేషన్‌గా రాదు, ఏజెన్సీ టెండర్‌గా వస్తుంది. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో ఔట్‌సోర్సింగ్ ఏ అధ్యాయంలో ఉందో చూడండి. వస్తువులు, సేవల కొనుగోలు అధ్యాయంలో ఉంది. బీకర్లూ టిష్యూ కాగితాలూ కొనే ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్‌లోనే ‘మ్యాన్‌పవర్’ కూడా ఒక సేవగా దొరుకుతుంది. మా అన్న విశ్వవిద్యాలయం లెక్కల్లో ఉద్యోగి కాడు. కొనుగోలు పద్దు.

కొనుగోలు పద్దుకు రోస్టర్ ఉండదు. 45 రోజులు, అంతకు మించి ఉండే తాత్కాలిక నియామకాల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ పాటించాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన ఉంది. కానీ ఏజెన్సీ ద్వారా వచ్చిన మనిషిని ప్రభుత్వం నియమించినట్టే లెక్క కాదు కాబట్టి ఆ నిబంధన గుమ్మం బయటే ఆగిపోతుంది. ఇక్కడే అసలు మోసం ఉంది. కింది పనికి మనవాళ్లు రిజర్వేషన్ లేకుండానే వస్తారు, ఎందుకంటే ఆ పనికి వేరేవాళ్లు రారు. కానీ హక్కుతో రారు. జీతభద్రత, పదోన్నతి, పెన్షన్, వైద్యం ఉన్న టెక్నికల్ అసిస్టెంట్ ఉద్యోగంగా అదే పని ఉంటే రోస్టర్ అడ్డొస్తుంది. అందుకే పని ఉంచి ఉద్యోగాన్ని తీసేశారు.

మన ఉద్యమాన్ని కూడా ఇక్కడ ప్రశ్నించుకోవాలి. 2018లో యూజీసీ విభాగాన్ని యూనిట్‌గా తీసుకుని అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్‌ను దెబ్బకొట్టినప్పుడు దేశమంతా రోడ్డెక్కాం. 2019 మార్చి 5న భారత్ బంద్ జరిగింది. ఆర్డినెన్స్, తర్వాత చట్టం వచ్చాయి. 200 పాయింట్ల రోస్టర్ నిలబడింది. అది మన విజయం. కానీ ఆ పోరాటమంతా బోధనా సిబ్బంది గురించే. అదే భవనంలో కింది అంతస్తులో టెక్నీషియన్ పోస్టులు ఒక్కొక్కటే మాయమవుతుంటే మనం ఒక్క ధర్నా చేయలేదు. ఆచార్యుడి కుర్చీ మనకు కనిపించినంతగా అటెండర్ స్టూలు కనిపించలేదు. ఎందుకు కనిపించలేదన్నది విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న మొదటి తరం వాళ్లం అడగాల్సిన ప్రశ్న.

కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికులనే విభజించి మెట్లుగా పేర్చడం అని బాబాసాహెబ్ 1936లోనే విప్పి చెప్పారు. చేత్తో చేసే పనికీ బుద్ధితో చేసే పనికీ మధ్య గోడ కట్టిన సమాజం అది. ప్రయోగశాల ఆ గోడను కూల్చాల్సిన చోటు. ఎందుకంటే ప్రయోగం అంటేనే చెయ్యీ బుద్ధీ కలవడం. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో చేరిన ఏడాదే అంబేడ్కర్ ఎస్సీల సమస్యల మీద ఒక వినతిపత్రం ఇచ్చారు. అందులో శాస్త్ర, సాంకేతిక విద్యకు ప్రత్యేక స్కాలర్‌షిప్పులు అడిగారు, విదేశీ చదువులకు సాయం అడిగారు. మనవాళ్లు ప్రయోగశాలలోకి వెళ్లాలని ఆయన కోరుకున్నారు. ఎనభై ఏళ్ల తర్వాత వెళ్లాం. కొందరం స్కాలర్లుగా, ఎక్కువమంది కొనుగోలు పద్దులుగా.

ఇది ఒక్క మన దేశపు జబ్బు కాదు. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ బాయిల్ ప్రయోగశాలలో పంపులు తిప్పిన, కొలతలు రాసిన సహాయకులు చరిత్రలో ఎలా కనపడకుండా పోయారో స్టీవెన్ షేపిన్ 1989లో ఒక వ్యాసంలో వివరించారు. ‘కనిపించని టెక్నీషియన్’ అన్నది ఆయన పెట్టిన పేరే. అమెరికాలో వివియన్ థామస్ అనే నల్లజాతి టెక్నీషియన్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. గుండె లోపంతో పుట్టి ఒళ్లు నీలిరంగుకు తిరిగే పిల్లల కోసం ఒక శస్త్రచికిత్సను ఆయన కుక్కల మీద ప్రయోగాలు చేసి రూపొందించాడు. 1944 నవంబర్ 29న జాన్స్ హాప్కిన్స్‌లో మొదటిసారి ఆ ఆపరేషన్ జరిగినప్పుడు సర్జన్ బ్లాలక్ వెనక నిలబడి దారి చెప్పింది థామసే. మర్నాటి ఏడాది వచ్చిన వ్యాసంలో ఆయన పేరు లేదు. ఆ పనికి ముందు ఏళ్లలో ఆయన్ని జీతాల జాబితాలో ఊడ్చే పనివాడిగానే చూపారు. 1976లో గానీ ఆ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇవ్వలేదు. అక్కడ జాతి, ఇక్కడ కులం. చెరిపేసే రబ్బరు ఒక్కటే.

దీనికి ఒక జవాబు వస్తుంది. జీతం ఇస్తున్నాం కదా, రోజువారీ పనికి రచయిత హోదా ఎలా ఇస్తాం అని. నిజమే, రాయి పొడి చేసిన ప్రతి ఒక్కరూ రచయిత కావాలని నేను అనడం లేదు. కొలబద్ద అందరికీ ఒకటే ఉండాలంటున్నాను. ల్యాబ్ గడప తొక్కని సీనియర్ ఆచార్యుడి పేరు విభాగాధిపతి అయినందుకు రచయితల వరుసలో చేరుతోంది. కోబాల్ట్ తప్పు పట్టిన మనిషి పేరు కృతజ్ఞతల్లోకి కూడా రావడం లేదు. ఎవరు ఏ పని చేశారో విడివిడిగా చెప్పడానికి 14 పాత్రలతో ‘క్రెడిట్’ అనే పద్ధతి ఉంది. 2022లో అది అమెరికా జాతీయ ప్రమాణం అయింది. ప్రయోగాలు చేయడం, డేటా సేకరించడం అందులో ఒక పాత్ర. బ్రిటన్‌లో 2017 నుంచి విశ్వవిద్యాలయాలు ‘టెక్నీషియన్ కమిట్‌మెంట్’ మీద సంతకాలు చేస్తున్నాయి. టెక్నీషియన్లను కనిపించేలా చేస్తామని, గుర్తింపు ఇస్తామని, ఎదిగే దారి చూపిస్తామని. విదేశీ యంత్రాలు కోట్లు పోసి తెచ్చుకునే మన విశ్వవిద్యాలయాలకు ఖర్చులేని ఈ పద్ధతులు మాత్రం అందడం లేదు.

మా శాస్త్రంలో ‘బ్లాంక్’ అనే పరీక్ష ఉంది. రాతి పొడి వేయకుండా, ఉత్త యాసిడ్లతో మొత్తం పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా నడిపిస్తాం. అప్పుడు యంత్రం చూపించే అంకె రాయిది కాదు, మనది. మన గాలిది, మన పాత్రలది, మన చేతులది. భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చిన క్లెయిర్ ప్యాటర్సన్ ఏళ్ల తరబడి పోరాడింది ఈ బ్లాంక్‌తోనే. ఆయన రాళ్లలో తేలిన అదనపు సీసం చుట్టూ ఉన్న గాలి నుంచి, దుమ్ము నుంచి, మనుషుల నుంచి వచ్చింది. శుభ్రమైన గదిలో ఎవరూ పుట్టుకతో శుద్ధులు కారు. ఆచార్యుడి ఉంగరమూ మలినమే, అటెండర్ చెమటా మలినమే. అందరూ అదే గౌను, అదే గ్లౌజు వేసుకోవాలి. శుద్ధి గురించి ఇంత సమానంగా ఆలోచించే గది ఈ దేశంలో మరొకటి ఉందో లేదో. ఆ గదిలో కూర్చుని కూడా మనం మన సంస్థలకు బ్లాంక్ పరీక్ష చేసుకోం.

అందుకని కొన్ని స్పష్టమైన కోరికలు. ఒకటి, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడే ప్రతి గదిలో గడువు దాటని జెల్ తాళం లేని చోట ఉండాలి. గదిలో పనిచేసే ప్రతి మనిషికీ, నియామకం ఏదైనా, క్యాంపస్ ఆరోగ్య కేంద్రంలో వైద్యం అందాలి, ప్రతి ప్రమాదం రిజిస్టర్‌లో ఎక్కాలి. రెండు, ఏళ్ల తరబడి సాగే ల్యాబ్ పనికి శాశ్వత టెక్నికల్ పోస్టులు రోస్టర్ ప్రకారం నింపాలి. శాశ్వత స్వభావం ఉన్న పనిని తాత్కాలిక ముసుగులో చేయించుకోవడాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో తప్పుపట్టింది. విశ్వవిద్యాలయాలు ఆ తీర్పు చదవాలి. మూడు, ప్రతి వ్యాసంలో, ప్రతి సిద్ధాంత గ్రంథంలో ప్రయోగం చేసిన మనిషి పేరు పద్ధతుల భాగంలోనే రావాలి. నాలుగు, స్కాలర్లు తమ పాత్రలు తామే కడుక్కోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నా గ్రంథం ఈ ఏడాది సమర్పిస్తాను. మూడో అధ్యాయంలో పాత వాక్యాన్ని కొట్టేసి, అన్న పూర్తి పేరుతో ఫలానా నమూనాలు ఆయన పొడి చేశారు, కరిగించారు అని రాశాను. ఇలా రాయడం ఆనవాయితీ కాదని మార్గదర్శకులు అన్నారు. అంకెల్లో తప్పు ఉంటే దిద్దుతాం కదా, ఇదీ ఆ దిద్దుబాటే అన్నాను. ఇంకా చర్చ నడుస్తోంది. ఆ పేజీ తీసుకెళ్లి అన్నకు చూపించాను. ఇంగ్లిషు ఆయన చదవలేరు. తన పేరు మాత్రం గుర్తుపట్టారు. వేలు పెట్టి ఆ అక్షరాల మీద రాసి చూసుకున్నారు.

“ఇంటిపేరు స్పెల్లింగ్ తప్పుంది, తమ్ముడూ” అన్నారు.

దిద్దాను.

జై భీమ్.